చెరగని ముగ్గు

ఉక్కు కార్ఖానాలో ఇనుము కరిగించాక పారేసే చిట్టాన్ని, అంటే స్లాగ్‌ని, మెత్తగా పొడిచేసి, తడిపి, కార్బన్ డయాక్సైడ్ పట్టిస్తే ఆ వాయువు పొడిలోనే కలిసిపోయి రాయిలా గట్టిపడుతుంది. నా ఎం.టెక్ ప్రాజెక్టు అదే. నా చేతిలో మాత్రం బిళ్ళలు బిస్కెట్లలా విరిగేవి.

"వచ్చే రివ్యూకి ఒక్కటైనా నిలబడకపోతే టాపిక్ మార్చేయమ్మా" అన్నారు మా గైడ్ సారు.

మార్చడమంటే ఇంకో కార్ఖానాకి వెళ్ళి నోరు తెరిచి అడగడం. ఈ పొడి అడగడానికే గేటు దాకా వెళ్ళి రెండుసార్లు తిరిగొచ్చిన మనిషిని నేను.

ల్యాబులో దుమ్ము లేస్తోందని అందరూ విసుక్కుంటుంటే పొడి సంచిని ఇంటికి తెచ్చేశాను. ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కితే సెక్యూరిటీ వాళ్ళు ఇదేంటని అడుగుతారు, జవాబు చెప్పాలి. అందుకే షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ చేరాను. మేము కిరాయికుండే ఇంటి మెట్ల కింద పెట్టాను.

కింది పోర్షన్‌లో ఉండే ఓనర్ ఆంటీకి తెల్లటి మెత్తటి పొడి ఏదైనా ముగ్గుపిండే. ఆ సంచిలోంచి తీసి గేటు ముందు పెద్ద పద్మం వేసి, వారం రోజులు కూతురింటికి వెళ్ళారు. తిరిగొచ్చి నీళ్ళు చల్లి ఊడిస్తే పద్మం కదల్లేదు. ఇనుప బ్రష్షుతో రుద్దినా కదల్లేదు.

"ఓ పిల్లా! గిదేం ముగ్గే? గీకితే గూడ పోతలేదు!"

అమ్మ పై నుంచి తొంగిచూసింది. "అది ముగ్గు కాదండీ, మా అమ్మాయి చదువు!"

"చదువైతే పుస్తకాలల్ల పెట్టుకోవాలె గని మెట్ల కింద పెడ్తరా? రేపు శుక్రవారం. పాత ముగ్గు మీద కొత్తదెట్ల ఎయ్యాలె?"

క్షమాపణ మెట్ల మీద తయారు చేసుకుంటూ దిగాను. పద్మం మీద గోరుతో గీశాను. పొడి రాలలేదు.

"ఆంటీ, నీళ్ళెన్ని చల్లారు?" అన్నాను. అంత గట్టిగా నేను మాట్లాడటం ఆ వాకిట్లో అదే మొదలు.

"ఏందే, నీళ్ళ బిల్లు అడుగుతున్నవా? జర తడి ఉండంగనే ఏసిన. చెరువు చేసి ముగ్గేస్తరా ఎవరన్నా?"

ల్యాబులో నేను చేస్తున్నది చెరువే. నీళ్ళు నిండిపోతే వాయువు దూరడానికి సందెక్కడుంటుంది?

సాయంత్రం దాకా నేనూ అమ్మా స్క్రూడ్రైవర్లతో పద్మాన్ని చెక్కి తీశాం. ఆంటీ కుర్చీ వేసుకుని కూర్చుని, ఎక్కడెక్కడ రేకు మిగిలిందో చూపించారు.

సోమవారం ల్యాబులో పొడిని కొద్దిగా మాత్రమే తడిపి బిళ్ళలు చేశాను. అవి రివ్యూ నాటికి గట్టిపడ్డాయి. సారు ఒకదాన్ని నేలకేసి కొట్టారు. నేల మీది పలక పెచ్చు లేచింది.

"నీళ్ళ పాళ్ళు ఎలా తేల్చావమ్మా?"

"ఫీల్డ్ ట్రయల్ చేశాం సర్."

"చేశాం అంటే ఎవరెవరు?"

"మా ఓనర్ ఆంటీ సర్."

"ఆవిడ ఏ డిపార్ట్‌మెంట్?"

"కింది పోర్షన్ సర్."

గదంతా నవ్వింది. సారు కూడా నవ్వుతూనే టాపిక్ ఉంచుకోమని సంతకం పెట్టారు.