ఆరు గంటల అల్లం

అప్పలకొండ దేన్నైనా నమ్మాలంటే ముందు దాన్ని కొట్టి చూడాల్సిందే. పుచ్చకాయని అందరూ కొట్టి చూస్తారు, అది వేరు. ఈయన గుమ్మాన్ని కొట్టి చూస్తాడు, బిందెని కొట్టి చూస్తాడు, కొత్త చెప్పుల్ని కూడా కొట్టి చూస్తాడు. మలంచా రోడ్డు మీద బ్యాటరీతో నడిచే టోటో రిక్షా ఎక్కాలన్నా వేలి ముడితో రెండు దెబ్బలు వేసి, చెవి ఒగ్గి విని, అప్పుడు ఎక్కుతాడు. టోటోవాళ్ళకి ఇది అలవాటైపోయింది. "కాకూ, పాసా ఫెయిలా?" అని బాబాయి వరస కలిపి వాళ్ళే ముందుగా అడుగుతారు.

నిజానికి ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఖరగ్‌పూర్ యార్డులో ఆగిన బళ్ళ చక్రాలని సుత్తితో కొట్టి చూడడమే ఆయన ఉద్యోగం. ముప్పై ఆరేళ్ళు అదే పని. చక్రం కంగున మోగితే బండి వెళ్ళొచ్చు, బొంగురుగా పలికితే ఎక్కడో పగులుంది. రిటైరైన రోజున రైల్వేవాళ్ళు ఉద్యోగాన్ని వెనక్కి తీసుకున్నారు గానీ ఆ చెవిని మాత్రం ఆయనకే వదిలేశారు.

ఈ సంగతి ఆయన భార్య స్వర్ణకుమారికి పెళ్ళిచూపుల్లోనే తెలియాల్సింది. పెళ్ళికొడుకు కాఫీ తాగేసి ఖాళీ గ్లాసుని గోటితో కొట్టాడు. ఇంకా కావాలేమోనని ఆమె మళ్ళీ తెచ్చింది. అదీ తాగి, అదీ కొట్టాడు. మూడో గ్లాసు అయ్యాక తృప్తిగా తలాడించి, "బాగున్నాది" అన్నాడు. గ్లాసుని అన్నాడో తనని అన్నాడో నలభై రెండేళ్ళయినా ఆమెకి తేలలేదు.

ఇంట్లో గ్యాస్ బండని పైనుంచి కిందికి చెంచాతో కొట్టుకుంటూ వచ్చి, "ఇంకా తొమ్మిది రోజులు" అనేవాడు. సరిగ్గా తొమ్మిదో రోజున చారు మరగబోతుండగా మంట ఆరిపోయేది. చెప్పింది నిజమైనందుకు ఆయన మురిసిపోయేవాడు. చారు సంగతి స్వర్ణకుమారి చూసుకునేది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆరు గంటల గోల ఒక ఎత్తు. పెరటి చివర, పక్కింటికీ వీళ్ళింటికీ మధ్య గోడ మూలలో ఒక పాత రైలుపట్టా ముక్క నిలబెట్టి ఉంది. ఆ రెండిళ్ళూ ఒకే ఏడాది కట్టుకున్నవి. పక్కిల్లు సొలొమోనుది. ఆయనా అప్పలకొండా యార్డులో జంటగా పని చేసినవాళ్ళు. సొలొమోను పోయి మూడేళ్ళయింది. ఆ మూడేళ్ళ నుంచీ అప్పలకొండ రోజూ పొద్దున్న ఆరింటికి సుత్తి పట్టుకుని పెరట్లోకి దిగి, ఆ పట్టా ముక్కని టంగ్ టంగ్ అని కొట్టి వస్తున్నాడు.

"మరేటి? గోడ ఒరిగిందో నేదో సూసుకోవద్దేటి?" అంటాడు అడిగితే.

కాసేపటికి అవతలి నుంచి కూడా టంగ్ టంగ్ మని వినిపిస్తుంది. అది సొలొమోను భార్య ఎలీసమ్మ టీలోకి అల్లం దంచుకోవడం. స్వర్ణకుమారికి ఆ చప్పుడు వింటే తన ఇంటి మీద తనకే విసుగొచ్చేది. "సూడు, ఎలీసమ్మొదిన ఆరింటికల్లా అల్లం టీ తాగేస్తాది. మనకి నువ్వు గోడలు సూసి, బండలు సూసి వచ్చేసరికి ఏడైపోతాది" అనేది. అప్పలకొండ టీ గ్లాసుని గోటితో కొట్టి చూసుకునేవాడు.

ఎలీసమ్మ మనిషి నిటారు. ఒంటరిగా ఉంది కదా అని ఎవరైనా జాలిగా "ఎలాగున్నావమ్మా?" అంటే, అంతకు రెట్టింపు జాలితో "నువ్వెలాగున్నావమ్మా?" అని పంపేస్తుంది. భర్త పోయిన కొత్తలో స్వర్ణకుమారి తోడు పడుకుంటానని చాప చంకన పెట్టుకుని వెళ్తే, చాప బాగుందని మెచ్చుకుని గుమ్మంలోంచే తిప్పి పంపింది.

ఇలా ఉండగా అప్పలకొండ కుడి మోకాలు అరిగిపోయింది. ముప్పై ఆరేళ్ళు చక్రాల పక్కన వంగిన మోకాలు మరి. కలకత్తాలో డాక్టరు ఆపరేషన్ చెయ్యాలన్నాడు, బల్ల మీదున్న కొత్త కీలు తీసి చూపించాడు. అప్పలకొండ దాన్ని పెన్నుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మోత బాగోలేదని మొహం చిట్లించాడు.

"దాదా, ఇస్కా ఆవాజ్ ఠీక్ నహీ."

"కాకూ, యే తో ప్లాస్టిక్ హై!" అన్నాడు డాక్టరు. అది చూపించడానికి పెట్టుకున్న బొమ్మ. అసలుది చూపించే దాకా ఈయన సంతకం పెట్టలేదు. అట్ట పెట్టెలో సీలు వేసి ఉన్న అసలు కీలుని పెట్టె మీదనుంచే కొట్టి, "ఇది నడుస్తాది" అని పాసు చేశాడు.

ఆసుపత్రిలో ఉన్న ఐదు రోజులూ వీళ్ళ పెరట్లోని మొక్కలకి ఎలీసమ్మే నీళ్ళు పోసింది. రోజూ సాయంత్రం ఆసుపత్రికి ఫోను చేసి చామంతులు ఎన్ని విచ్చాయో చెప్పేది. ఇంటికొచ్చిన రోజున గిన్నెడు సూపు తెచ్చిపెట్టి, "అన్నయ్యా, ఇక నీ మొక్కలు నువ్వు సూసుకో" అని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

కసరత్తులు చేయించడానికి ఖరిదా నుంచి ఏంజలిన్ అనే అమ్మాయి రోజు విడిచి రోజు వస్తుంది. మొదటి రోజే వేలు చూపించి చెప్పింది. "తాతా, ఇంట్లో వాకరు మీద ఎంతైనా నడువు. పెరట్లోకి ఆ నాలుగు మెట్లు మాత్రం ఆరు వారాలు దిగకూడదు. పడితే మళ్ళీ కొయ్యాల."

స్వర్ణకుమారి ఆ మాట విన్న వెంటనే సుత్తిని బియ్యం డ్రమ్ములో అడుగుకంటా కుక్కేసింది.

ఇల్లూ తోటా ఆమె మీద పడ్డాయి. ఇల్లంటే ఎలాగోలా ఈడ్చుకొస్తుంది. తోటలో ముప్పై నాలుగు మట్టికుండీలున్నాయి, ఏ కుండీకి ఎప్పుడు నీళ్ళు కావాలో ఆమెకి తెలియదు. అప్పలకొండ వెనక వరండాలో కుర్చీ వేయించుకుని, కాలు ఇంకో కుర్చీ మీద చాపుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"నువ్వు చెంచాతో కొట్టుకుంటూ ఎల్లు. నేను సెప్తాను."

ఆమె కొట్టింది. టింగ్.

"ఎండిపోనాది. నీళ్ళు పొయ్యి."

డబ్.

"తడున్నాది. వదిలేయ్."

టింగ్.

"అది గులాబీ. సగం సెంబు."

చూడకుండానే మొక్క పేరు కూడా చెప్పేశాడు. మొదట్లో ఆమెకి నవ్వొచ్చింది. రెండు రోజులకి నవ్వు పోయి మరేదో వచ్చింది. చలికాలం ఎండ పల్చగా పెరట్లోకి జారుతుండేది. దూరాన స్టేషన్‌లో ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో మూడు భాషల్లో ఒకదాని వెనక ఒకటి చెబుతుంటే, మాటలు ఇక్కడిదాకా వచ్చేసరికి అరిగిపోయి రాగం మాత్రం మిగిలేది. ఆమె కుండీల మధ్య టింగ్, డబ్, టింగ్ అనుకుంటూ మెల్లగా నడిచేది. నొప్పి మాత్రల మత్తులో ఆయన సగం నిద్రలో, సగం యార్డులో ఉండి, "నీళ్ళు... సాలు... నీళ్ళు... ఇది గూడ్సు బండిదే సొర్నం, జాగ్రత్త" అనేవాడు. తులసికోటని గూడ్సు బండి అనుకున్నాడని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఇలా ఇద్దరూ కలిసి ఒకే చప్పుడు వినడం ఆమెకి ఎంతో బాగుంది. ఒక్కోసారి తడిగా ఉన్నాయని తెలిసి కూడా ఇంకో చుట్టు కొట్టి వచ్చేది.

అయితే పొద్దున్న ఆరు గంటలయ్యేసరికి ఈ మనిషికి కాలు నిలిచేది కాదు. "ఆ పట్టా ముక్క కొట్టినావేటి?" అని అడిగేవాడు.

"కొట్టినాను."

"ఇనపడనేదు."

"మెల్లగా కొట్టినాను."

"మెల్లగా కొడితే గోడెలా తెలుస్తాది?"

"గోడ ఎక్కడికీ ఎల్లదయ్యా, నువ్వు పడుకో!"

నాలుగో రోజు పొద్దున్న ఆమె పాలు తీసుకుని వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. పెరటి మెట్ల మీద, పై నుంచి రెండో మెట్టున, అప్పలకొండ ఒక చేత్తో గోడనీ, ఇంకో చేత్తో అట్లకాడనీ పట్టుకుని, కిందకీ దిగలేక పైకీ ఎక్కలేక నిలబడి ఉన్నాడు. వాకరు గుమ్మం దగ్గరే ఉండిపోయింది. స్వర్ణకుమారి పాలగిన్నె అక్కడే దించేసి పరుగెత్తింది.

"ఓలమ్మ! ఏటయ్యా ఇది? కాలు పోతే మళ్ళీ కోస్తారని సెప్పినేదా ఆ పిల్ల?"

ఒడుపుగా నడుం పట్టుకుని, తిట్టుకుంటూ, ఎలాగో వెనక్కి ఎక్కించి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన చెమటలు కక్కుతున్నాడు. అయినా అట్లకాడ ఆమె చేతిలో పెట్టాడు.

"ఒక్కసారి నువ్వు కొట్టు సొర్నం. తర్వాత నువ్వేటి సెప్తే అది ఇంటాను."

ఆమె కోపంగా వెళ్ళి ఆ పట్టా ముక్కని రెండు బాదులు బాదింది. అవతల ఏ చప్పుడూ లేదు.

"ఇంకోసారి."

బాదింది. ఏమీ లేదు. వెనక్కి తిరిగి చూస్తే అప్పలకొండ మొహం పాలిపోయి ఉంది.

"ఎలీసమ్మ కొట్టనేదు" అన్నాడు.

"ఆవిడేటి కొట్టాల? ఇంకా అల్లం దంచుకోలేదు, అంతే కదా."

"అది అల్లం కాదే."

అప్పుడు చెప్పాడు. యార్డులో బండికి ఈ పక్క తనూ, ఆ పక్క సొలొమోనూ నడిచేవారు. మధ్యలో బండి, ఒకరికొకరు కనపడరు. ప్రతి పెట్టె చివరా తను రెండు దెబ్బలు వేస్తే, అవతల నుంచి రెండు దెబ్బలు రావాలి. వస్తే మనిషి క్షేమం, ముందుకు నడవొచ్చు. సొలొమోను పోయాక ఆ పక్క ఖాళీ అయిపోయింది. ఆవిడ ఒక్కతే ఉంటోంది, పడిపోయినా పిలవని మనిషి. అందుకని రోజూ కొడుతున్నాడు.

"నాకు సెప్పొచ్చు కదా!"

"నీకు సెప్తే ఉప్మా గిన్నె పట్టుకొని పరిగెడతావు. ఆవిడ తలుపేసుకుంటాది."

అది నిజమే. ఆమె చెంగు నడుముకి దోపుకుని, సందులోంచి చుట్టూ తిరిగి పక్కింటి పెరట్లోకి పరుగెత్తింది. దారిలో తనకి తెలిసిన దేవుళ్ళకే కాక, ఎలీసమ్మ దేవుడికి కూడా దణ్ణం పెట్టుకుంది.

ఎలీసమ్మ గోడ దగ్గరే, తన వైపున్న ఇంకో పట్టా ముక్క పక్కన, ఇనప రోకలి చేత్తో పట్టుకుని, నిటారుగా నిలబడి ఉంది.

"ఒదినా! బాగున్నావా?" అంది స్వర్ణకుమారి రొప్పుతూ.

"నాకేటి? ఇందాక పట్టా ముక్కని కొట్టిందెవులు?"

"నేనే."

"అలాగ సెప్పు! అన్నయ్య దెబ్బ కాదని నాకప్పుడే తెలిసిపోనాది. ఎవులో తెలీని దెబ్బకి నేనెందుకు జవాబిస్తాను?"

స్వర్ణకుమారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గోడకి ఆనుకుని కూలబడిపోయింది. ఎలీసమ్మ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "నీకు తెలీదనుకుంటాను. అన్నయ్యకి సెవులు తగ్గిపోతన్నాయి. గోడ చప్పుడు తనకి సరిగా తెలీదంటన్నాడు, 'నువ్వు అవతలి నుంచి కొట్టి సెప్పు సెల్లెమ్మా' అని బతిమాలినాడు. పాపం, కాదంటే సిన్నబుచ్చుకుంటాడని మూడేళ్ళై రోజూ లెగిసి కొడతన్నాను. నువ్వు మాత్రం అన్నీ తెలిసినట్టు అడక్కు, బాధపడతాడు."

వరండాలో కళ్ళు మూసుకుని చామంతి కుండీలో నీళ్ళు ఎంతున్నాయో చెప్పే మనిషికి చెవులు తగ్గాయట! స్వర్ణకుమారి నవ్వుని చెంగుతో అదిమేసుకుని, "సర్లే ఒదినా, సెప్పన్లే" అంది.

"కూసో, టీ పెడతాను."

"అల్లం వేసి పెట్టు."

"అల్లమా? నాకు అల్లం పడదు. మా ఇంట్లో ఏనాడూ నేదు" అంది ఎలీసమ్మ.

ఇంటికి రాగానే అప్పలకొండ కుర్చీలోంచి మెడ చాచాడు. "ఎలాగున్నాది?"

"ఆవిడకేం, బాగున్నాది. నా దెబ్బే బాగోలేదట."

ఆయన చాలాసేపు నవ్వాడు. తర్వాత వాకరు గొట్టం మీద నేర్పించాడు, మణికట్టు వదులుగా ఉంచాలి, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఒక ఊపిరి ఆగాలి. బియ్యం డ్రమ్ములోంచి సుత్తి బయటికొచ్చింది. రెండు రోజులు శిక్షణ అయ్యాక, మూడో నాడు ఆరింటికి మంచులో స్వర్ణకుమారి రెండు దెబ్బలు వేస్తే, ఊపిరి ఆగి, అవతల నుంచి రెండు దెబ్బలు వచ్చాయి. వరండాలో అప్పలకొండ కళ్ళు తెరవకుండానే, "ఎల్లొచ్చు" అన్నాడు.

ఆ సంతోషంలో ఆమె వంటింట్లోకి వెళ్ళి, తన ఇంట్లో మొదటిసారి ఏడు కాకముందే టీ పెట్టింది. చిన్న రోట్లో అల్లం ముక్క వేసి రెండు దెబ్బలు దంచిందో లేదో, గోడ అవతల నుంచి టంగ్ టంగ్ మని జవాబు వచ్చింది.

స్వర్ణకుమారి కిటికీలోంచి చూసింది. వరండాలో ఆయన పెదవుల మీద చిన్న నవ్వు. అల్లం అప్పటికే నలిగిపోయింది. అయినా ఆమె ఇంకో రెండు దెబ్బలు వేసింది.