రాతలో మరిచిన తీత

మా వాడకట్టులో కమిటీ పెట్టినప్పుడు దానికి పేరు పెట్టే పని నాకు అప్పగించారు. హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ని కాబట్టి పేర్లు పెట్టడం, వంకలు పెట్టడం రెండూ నా శాఖలేనని అందరి నమ్మకం. ఒక ఆదివారమంతా ఆలోచించి ‘వాడకట్టు పర్యావరణ పరిరక్షణ సంఘం’ అన్నాను. ఎనభైల చివర్లో ‘పర్యావరణం’ అన్న మాట ఇంకా కొత్తది, సిద్దిపేట నోళ్లలో నలగలేదు. అధ్యక్షుడిగా ఎన్నుకున్న కిరాణా దుకాణం పటేలు దాన్ని రెండుసార్లు నమిలి, మూడోసారి ‘పరాయి ఆవరణం’ అని మింగేశాడు. నేను సరిదిద్దబోయి ఆగాను. మా ఇళ్లు ఊడ్చిన చెత్తంతా ఎక్కడికి పోతున్నదో చూస్తే ఆయన పెట్టిన పేరే సరైనది. వాడలో వాళ్లు మాత్రం ఈ రెండు పేర్లతోనూ పని లేకుండా ‘చెత్త కమిటీ’ అని ఖాయం చేశారు. ఏడుగురు సభ్యులం. నేను కార్యదర్శిని. అంటే కార్యం మిగతావాళ్లు చేస్తుంటే దర్శించేవాణ్ని.

మొదట వేపమొక్కలు నాటాం. వాటిని మేకలు తిన్నాయి. కమిటీ తలలు దించుకుని పటేలు దుకాణం అరుగు మీద కూర్చున్న రోజే, ఎదురింటి అవ్వ బీడీల చాట పక్కన పెట్టి మా దగ్గరికి వచ్చింది. ఒంటరి ముసలమ్మ, బీడీలు చుట్టుకుని బతికేది.

“చెట్లు పెడితే మేకలు తిన్నయి. గా బాయినన్న బాగు జేయున్రి బిడ్డా. బాయిని మేకలు తినయి.”

ఆమె చెప్పింది తన గుమ్మం ముందున్న చేదబావి గురించి. పరాయి ఆవరణాల్లో అన్నిటికన్నా పరాయిది అదే. నల్లాలు రాకముందు వాడంతా దాని నీళ్లే తాగింది. నల్లాలు వచ్చాక ముందు బావికి గిరక పోయింది, తర్వాత తాడు పోయింది, ఆ తర్వాత మాకు సిగ్గు పోయింది. ఊడ్చింది ఊడ్చినట్టు తెచ్చి అందులో పోసేవాళ్లం. ఇప్పుడు వరుసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. నల్లా నాలుగు రోజులకోసారి దగ్గి ఊరుకునేది. వాడ చివర ఉన్న బోరింగు దగ్గర నిలబడటం దాని పేరుకు తగ్గట్టే ఉండేది. అవ్వ మోకాళ్లు ఆమెను అంతదూరం పోనిచ్చేవి కావు. ఎవరైనా తెచ్చిపోస్తే తాగాలి, లేకపోతే లేదు. గుమ్మం ముందు బావి పెట్టుకుని బిందెడు నీళ్లకు పక్కింటివాళ్లను బతిమాలుకోవడం ఆమెకు కష్టంగా ఉండేది. ఆ మాట ఆమె చెప్పలేదు. మోకాళ్ల గురించి మాత్రమే చెప్పింది.

కమిటీ తీర్మానించింది. పూడిక మోయడానికి ట్రాక్టరు కావాలని మునిసిపాలిటీకి అర్జీ పెట్టాలి. రాసే పని మళ్లీ నాదే. క్లాసులో నేను పిల్లలకు ఏటా చెప్పే పాఠం ఒకటుంది: మంచి వాక్యంలో అక్కర్లేని మాట ఒక్కటీ ఉండకూడదు. ఆ పాఠం ప్రకారమే మొదటి ప్రతిలోని మాటలన్నీ చెక్కి, చివరికి ఇలా తేల్చాను: ‘మా వాడలోని చేదబావి పూడిక నిమిత్తం తమరు తగిన ఏర్పాటు చేయగలరని ప్రార్థన.’ మొదటి ప్రతిలో ‘పూడిక తీత నిమిత్తం’ అని ఉండింది. ‘తీత’ను తీసేశాను. పూడిక అంటే తీయడానికే కదా, వేయడానికి ఎవరు అడుగుతారు అనుకున్నాను. ఏడుగురం దస్కతులు చేశాం. ఇన్వర్డు ముద్ర కొట్టించుకుని వచ్చిన రోజు సాయంత్రం పటేలు అందరికీ చాయ్ తాగించాడు.

మూడు వారాలకు ఒక సోమవారం పొద్దున రెండు ట్రాక్టర్లు వచ్చాయి. మేం సంబరంగా ఎదురుపోయాం. చూస్తే అవి ఖాళీగా రాలేదు, నిండా మొరం మట్టితో వచ్చాయి. బావి పక్కన రెండు కుప్పలు దించి వెళ్లిపోయాయి. అప్పుడు కూడా నాకు వెలగలేదు. పనికొస్తుందని పంపారేమో అనుకున్నాను. వెనకే స్కూటరు మీద వచ్చిన మునిసిపాలిటీ ఇంజనీరు సంచిలోంచి కాగితం తీసి నా ముందు పెట్టాడు.

“గిది మీ దస్కతే గద సారు? బాయి పూడ్వుమని మీరే రాసిచ్చిన్రు.”

నా అక్షరాలు నన్ను చూసి గుండ్రంగా నవ్వాయి. చదివిన ప్రతిసారీ ఆ వాక్యం అదే మాట చెబుతున్నది. ఆయన తప్పేమీ లేదు. పాడుబడిన బావిలో ఎవరైనా పడతారేమోనన్న భయం ఆఫీసుకు ఎప్పటినుంచో ఉంది. వాడవాళ్లే పూడ్చమని అడిగితే కాదనేదెవరు? ఆర్డరు అయింది, మొరం వచ్చింది. వద్దనాలంటే తాను ఏమని రాయాలని అడిగాడు. కార్యదర్శికి తెలుగు రాదని రాయండి అనబోయాను. పటేలు మధ్యలోకి వచ్చి, మా సారుది ‘తీత’ అన్న ఒక్క మాట జారిందని బతిమాలాడు. ఇంజనీరు కాసేపు బావిలోకి తొంగిచూశాడు. పైదాకా చెత్తే కనపడింది.

“నీళ్లున్న బాయిని పూడ్వుమని నేను రాయ. నీళ్లు సూపెట్టున్రి. శుక్రారం వస్త,” అని స్కూటరెక్కాడు.

ఆయన పోయాక నన్ను అనాల్సిన మాట అందరి తరఫునా అవ్వ అంది. “ఏంది సారూ, గింత సదువు సదివి ఒక్క మాటకు పిసినారితనం జేస్తివి?”

దానికి జవాబుగా నా దగ్గర పార ఉంది. ఇంటికి పోయి దాన్ని తెచ్చాను. అర్జీలో తీసేసిన ‘తీత’ను ఇక చేతులతో రాయాల్సిందే అని ఆ పూటే నిశ్చయించుకున్నాను. బడికి నాలుగు రోజులు సెలవు చీటీ పంపాను. అందులో మాత్రం మాటలు ఎక్కడా తగ్గించలేదు.

పటేలుది చింతమడక దగ్గర వ్యవసాయ కుటుంబం. చిన్నప్పటినుంచి బావులతో పెరిగిన మనిషి. పొద్దున్నే కందిలి వెలిగించి తాడుతో లోపలికి దింపేవాడు. అది ఆరకుండా ఉంటేనే లోపల గాలి మంచిదని, అప్పుడే మనిషిని దింపాలని ఆయన నియమం. కమిటీలో తేలికైన మనిషిని నేనే, బరువులోనూ మాటలోనూ. కాబట్టి నన్నే దింపారు. నేను తట్టలు నింపితే పైనుంచి ఆరుగురు లాగేవాళ్లు. మొదటి రెండు రోజులూ వచ్చింది మా సంసారాలే: అరిగిన హవాయి చెప్పులు, పగిలిన పలకలు, టార్చిలైటు బ్యాటరీలు, అప్పుడప్పుడే దుకాణాల్లోకి వచ్చిన పాలిథిన్ కవర్లు. అన్నీ కుళ్లినా ఆ కవర్లు మాత్రం నిన్ననే కొన్నట్టు మెరిశాయి. పైన ఆడవాళ్లు తమ వస్తువులను గుర్తుపట్టి పక్కవాళ్లవని చెప్పుకునేవాళ్లు.

రెండో రోజు సాయంత్రం తట్టలో ఒక గొడుగు పైకి పోయింది. పిడి మీద తెల్లదారం చుట్టి ఉంది. ఆ దారం చుట్టింది నేనే. ఊచలు విరిగితే ఒక మధ్యాహ్నం ఎవరూ లేకుండా చూసి బావిలో పడేసి, చేర్యాల బస్సులో ఎవరో కొట్టేశారని ఇంట్లోనూ వాడలోనూ చెప్పాను. పైనుంచి నవ్వులు వినపడ్డాయి. తర్వాత అవ్వ గొంతు లోపలికి దిగింది.

“దొంగ దొరికిండు సారూ. బాయిలనే ఉన్నడు.”

ఆ మాటకు నేను కూడా లోపలే నవ్వుకున్నాను. అదీ ఒకందుకు మంచిదే అయింది. కార్యదర్శి గొడుగే బయటపడ్డాక వాడలో ఇంక ఎవరికీ మొహమాటం మిగల్లేదు. మూడో రోజు పొద్దున పిలవకుండానే మరో పది మంది వచ్చి తాడు పట్టారు. పటేలు ఎడ్లబండి తెప్పించాడు. చెత్త ఒకవైపు, ఒండ్రు ఒకవైపు వేశాం. ఒండ్రు ఆయన చేనుకు పోయింది. పూడిక బండెక్కి పోతున్న కొద్దీ మొరం కుప్పలు మాత్రం కదలకుండా మావైపే చూస్తూ ఉన్నాయి.

గురువారం మధ్యాహ్నానికి నల్లటి బురద తగిలింది. నీళ్లు మాత్రం లేవు. అరచేతుల్లో బొబ్బలు పగిలాయి. ఇంకెంత తవ్వాలో పటేలు కూడా చెప్పలేకపోయాడు. అప్పుడు అవ్వ మెల్లగా వచ్చి గట్టు పట్టుకుని వంగింది. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో ఎండాకాలం బావి అడుగంటితే చెంబుతో నీళ్లు ఎక్కడ ముంచుకునేవాళ్లో గుర్తు చేసుకుంది.

“తూర్పుకు ఒక పెద్ద రాయి ఉంటది. దాని కింద సూడు బిడ్డా. ఊట గాడనే ఉండె.”

రాయి ఉంది. దాని కింద సలాకతో గంటసేపు పొడిచాను. ముందు సలాక మొన తడిసింది, తర్వాత నా వేళ్లు తడిశాయి, తర్వాత చీలమండలు చల్లబడ్డాయి. పైకి అరిచి చెప్పాలనుకున్నాను గానీ, ఏ మాట వాడాలో తోచలేదు. తట్టలో మట్టికి బదులు చెంబెడు బురదనీళ్లు పంపాను. మరుక్షణమే నా నడుముకు కట్టిన తాడు ఒక్కసారిగా బిగిసింది. నన్ను పైకి లాగుతున్నారు.

శుక్రవారం ఇంజనీరు వచ్చేసరికి మోకాలిలోతు నీళ్లు చేరాయి. అవ్వ ఇంట్లోంచి అద్దం తెచ్చి ఇచ్చింది. ఆయన ఎండను అద్దంతో పట్టి లోపలికి కొట్టాడు. అడుగున వెలుగు కదిలింది. చాలాసేపు అట్లాగే చూసి, పూడ్చే పని ఆపుతానన్నాడు. కానీ దానికి కొత్త అర్జీ కావాలి. పైగా మొరం వచ్చినట్టు కాగితాల్లో ఉంది, దాన్ని ఎక్కడ పూడ్చినట్టు చూపాలని అడిగాడు.

“బాయి సుట్టు పూడ్సినమని రాయున్రి,” అంది అవ్వ. “గద్దె కడితె మోరినీళ్లు లోపలికి రావు.”

ఇంజనీరు నవ్వకుండా తలూపాడు. మురుగునీళ్లు లోపలికి పోకుండా గద్దె అట్లాగే కట్టాం.

కొత్త అర్జీని పటేలు దుకాణం అరుగు మీదే కూర్చుని రాశాను. పొదుపు పక్కనపెట్టి, ఏది తీయాలో, ఏది పూడ్చాలో, ఎక్కడ పూడ్చకూడదో అన్నీ రాశాను. మొదటి అర్జీని పాడుచేసిన చేయి కదా, పటేలు చదివి చూశాడు, మిగతా ఐదుగురూ చూశారు. అవ్వకు చదువు రాదు. అందుకని గట్టిగా రెండుసార్లు చదివించుకుంది.

“అండ్ల తీత ఉన్నదా?”

ఉన్నదన్నాను.

“ఏదీ, ఏడున్నది?”

వేలు పెట్టి చూపించాను. ఆమె ఆ రెండక్షరాలను దగ్గరగా వంగి చూసింది.

“దాని కింద గీత గూడ గియ్యి.”

గీశాను.