పెద్దబాపు జీపు వెనక టైర్లు

పోయిన వారం బహదూర్‌పురాలో ఒక టైర్ల దుకాణం ముందు నా బండి నిలబెట్టి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాను. నాది నాలుగు చక్రాలూ కలిసి లాగే బండి. హిమాలయాలు ఎక్కడానికి తయారుచేశారట. నేను దాంతో రోజూ కంచన్‌బాగ్‌లోని ఆఫీసుకు పోయి, వచ్చేటప్పుడు తోటకూర తెస్తుంటాను. దుకాణం అతను కింద కూర్చుని, టైరు పక్కన అచ్చయిన అంకెలను వేలితో తడుముతూ పైకి చదివాడు. వెడల్పు ఇంత, ఎత్తు ఇంత, రిమ్ము ఇంత. అయ్యగారు పెళ్ళికొడుకు జాతకం చదివినంత గంభీరంగా చదివి, మిగతా మూడు చక్రాల దగ్గరా అదే చేసి, లేచి నడుం పట్టుకున్నాడు. "గిసోంటి బండికి నాలుగూ ఒక్క సైజే ఉండాలె సార్. రెండు పెద్దయి, రెండు చిన్నయి ఏసిన్రనుకో, లోపల ఇనుము మెలి తిరుగుతది" అన్నాడు. చాయ్ నా ముక్కులోకి పోయింది. అతను కంగారుపడి నీళ్ళు తెచ్చాడు. నీళ్ళతో తగ్గే నవ్వు కాదది. ఆ ఇనుము మెలి తిరిగిన చప్పుడు నేను చెవులారా విన్నాను. ఎందుకు తిరిగిందో మాత్రం ఇన్నేళ్ళకు, ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది.

మా ఇల్లు దబీర్‌పురా స్టేషనుకు ఎంత దగ్గరంటే, రైలు వచ్చినప్పుడల్లా మా గోడ మీది దేవుళ్ళంతా ఒకసారి ఊగి, మళ్ళీ సర్దుకుని నిలబడేవాళ్ళు. ఇంటి వెనక బర్రెల కొట్టం. కొట్టానికి రాజు మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న. ఆయన మీసం ఒక చివర నుంచి రెండో చివరకు పోవాలంటే ఆటో మాట్లాడుకోవాలి. గడ్డి మోపులు, పాల క్యాన్లు మొయ్యడానికి ఆయన మిలిటరీవాళ్ళ వేలంలో ఒక ముసలి జీపు కొన్నాడు. అది మూడు యుద్ధాలు చూసిందని చెప్పేవాడు. ఏయే యుద్ధాలని అడిగితే, అడిగినవాడి చదువును బట్టి మారేవి. దాని పొగకు జూపార్కులో పులులు దగ్గేవి. దాని హారను మోగితే స్టేషనులో గార్డు పచ్చజెండా ఊపేవాడు. జీపులో గేరు పిడి కాక, దాని పక్కనే ఇంకో పొట్టి పిడి ఉండేది. దాన్ని లాగితే ముందు చక్రాలు కూడా వెనక చక్రాలతో కలిసి లాగుతాయి, బండి మనిషి నడిచేంత నెమ్మదిగా పోతుంది. మామూలు రోజుల్లో ఆ పొట్టి పిడిని ఎవరూ ముట్టుకునేవారు కాదు. దాని మీద పెద్దమ్మ ఈనెల చీపురు ఆరేసేది.

ఆ పిడితో పనిపడే రోజు ఏడాదికి ఒక్కటే, సదర్. సదరంటే తెలియనివారికి చెబుతాను. దీపావళి వెళ్ళగానే మా పాలవాళ్ళంతా తమ తమ దున్నపోతులను కడిగి, నూనె పట్టించి, కొమ్ములకు రంగులేసి, మెడలో పూలదండలు, గవ్వల పట్టీలు కట్టి, డప్పులతో గల్లీల్లో తిప్పుతారు. బాగా పెంచిన దున్న జనం ముందు ముందుకాళ్ళు పైకెత్తి సలాం చేస్తుంది. అంత బరువు జంతువు రెండు కాళ్ళ మీద లేస్తే చూసేవాళ్ళకు కూడా కాళ్ళు నేలమీద ఆగవు. మా ఇంటి దున్న ముందు తాడు పట్టుకుని నడిచేది మా తాత. ఆయన పట్టినంత కాలం ఆ తాడు మరొకరి చేతికి పోలేదు. తర్వాత మోకాళ్ళు పోయాయి. వరసగా రెండు సదర్లు ఆయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, డప్పుల చప్పుడు దూరమయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో ఏడు పెద్దబాపు మంచం దగ్గర కూర్చుని మాటిచ్చాడు. జీపు ముందు పోతుంది, వెనక సీట్లో తాత కూర్చుంటాడు, తాడు ఆయన చేతిలోనే ఉంటుంది, దున్న జీపు వెనక నడుస్తుంది. తాత మంచం మీద ఇటు తిరిగి, "తాడు చివర గాదు, నడుమ పట్టుకుంట" అన్నాడు. చివర పట్టేది పేరుకు, దున్నను నడిపేది నడుమ పట్టినవాడే. అంటే ఒప్పుకున్నట్టు.

ఇక్కడ జీపు టైర్ల సంగతి వచ్చింది. అవి అరిగి అరిగి పెద్దబాపు నడినెత్తిలా తయారయ్యాయి. మామగారిని ఆ గుండు టైర్ల మీద ఎక్కిస్తే తానే జీపు కింద పడుకుంటానని పెద్దమ్మ ప్రకటించింది. కొత్త టైర్లు తెచ్చేటప్పుడు పెద్దబాపు నన్ను వెంటబెట్టుకుపోయాడు. నాకప్పుడు కొత్తగా ఉద్యోగం వచ్చింది. ఇంగ్లీషు అంకెలు చదవడానికి ఇంట్లో ఉద్యోగస్తుడొకడు ఉన్నాడని చూపించుకోవాలి కదా. తీరా అక్కడికి పోయాక నన్ను నోరు తెరవనివ్వలేదు. ఆయన టైరు కొనే పద్ధతి బర్రెను కొనే పద్ధతే. చుట్టూ ఒకసారి తిరిగాడు. అరచేత్తో చరిచాడు. బర్రె పళ్ళు చూసి వయసు చెప్పినట్టు టైరు గాడిలో వేలు దూర్చి లోతు చూశాడు. వాసన కూడా చూశాడు. చివరకు దుకాణం భాయ్ చేతిని తన రుమాలు కిందికి లాక్కుని వేళ్ళు నొక్కడం మొదలుపెట్టాడు. పశువుల సంతలో ధర మాట్లాడే తీరది. భాయ్‌కి ఆ సంగతి తెలియదు. ఈయనకు తన మీద ఇంత ప్రేమెందుకో అర్థంకాక, మర్యాదకు తాను కూడా నొక్కాడు.

పెద్దబాపు మనసు పడిన టైర్లు ఏదో పెద్ద బండివి. వెడల్పు, ఎత్తు, ఒంటినిండా గాడులు. అవి రెండే ఉన్నాయి. రెండే చాలన్నాడు, వెనక్కి వేద్దామన్నాడు. దున్నను కొనేవాడు మొహం చూడడు, వెనకతొడలు చూస్తాడు, బలమంతా అక్కడే ఉంటుందని ఆయన సిద్ధాంతం. జీపుకు మాత్రం వేరే శాస్త్రం ఎందుకుంటుంది? ముందు చక్రాలకు చిన్నవి, పాత సైజువి చాలు. భాయ్ చాయ్ సాసరులో పోసుకుంటూ, మీ రిమ్ము సన్నం, ఈ టైరు వెడల్పు, నాలుగూ ఒకటే సైజు వెయ్యండని ఒకసారి చెప్పాడు. పెద్దబాపు రిమ్ము మీది అంకె మీద వేలు పెట్టాడు, తర్వాత టైరు మీది చివరి అంకె మీద పెట్టాడు.

"ఈడ పదారున్నదా?"

"ఉన్నది."

"ఆడ పదారున్నదా?"

"ఉన్నది పహిల్వాన్."

"మరేంది నీ లొల్లి?"

భాయ్ సాసరు దించి, చెప్పడం తన ఫర్జు, అంటే ధర్మం, అమ్మడం తన ధందా అని చెప్పి, టైర్లు దొర్లించుకొచ్చాడు. ముప్పై ఆరు గుణాల్లో ఒక్క గుణం కలిసిందని పెళ్ళి చేసినట్టే చేశారు. పదహారుకు పదహారు కాబట్టి రిమ్ముకు టైరు ఎక్కడమైతే ఎక్కింది. కానీ సన్నటి రిమ్ము మీద ఆ వెడల్పాటి టైరు, బిగుతు రవిక తొడిగిన లావుపాటి అత్తగారి చెయ్యిలా రెండువైపులా ఉబ్బింది. ఇంటికి వచ్చేసరికి జీపు వెనక ఎత్తు, ముందు పల్లం. కూర్చుంటే సీటు మీద నుంచి మెల్లగా అద్దం వైపు జారుతున్నాం. గల్లీ అంతా చూడ్డానికి వచ్చింది. పెద్దమ్మ పాల క్యాను దించి, జీపు చుట్టూ నడిచి, "మంచానికి నాలుగు కోళ్ళు ఒక్క తీరుగ ఉంటయి. గిదేంది, రెండు కోళ్ళు అత్తగారియి, రెండు కోడలియి?" అంది. ఆడవాళ్ళకు యంత్రాలు అర్థం కావని పెద్దబాపు మీసం సవరించుకున్నాడు. ఆయన అదృష్టం కొద్దీ ఆ తర్వాతి రోజుల్లో జీపు బ్రహ్మాండంగా నడిచింది. గడ్డి మోసింది, పాలు మోసింది. పొట్టి పిడి మీద చీపురు ఆరుతూనే ఉంది.

సదర్ నాడు పొద్దువాలే వేళకు తాతకు తెల్లధోవతి కట్టి, తలకు గులాబీరంగు పగిడీ చుట్టి, జీపు వెనక సీట్లో దున్నకు ఎదురుగా కూర్చోబెట్టారు. తాడు నడుమ పట్టుకున్నాడు. దున్న ఒంటి నూనెలో చూసుకుని మా గల్లీ మగవాళ్ళు తల దువ్వుకున్నారంటే నమ్మాలి. దానికి చెరోవైపు బలమైనవాళ్ళు నిలబడ్డారు గానీ, అది చూసేది మాత్రం తాత చేతినే. పెద్దబాపు చీపురు తీసి, ఒక దండం పెట్టి, పొట్టి పిడి లాగాడు. జీపు పెళ్ళికూతురిలా కదిలింది. డప్పులు మొదలయ్యాయి. కొంతదూరం పోయాక లోపల నుంచి ఒక మూలుగు వచ్చింది. తీన్మార్ దెబ్బలో పెద్దబాపు దాన్ని పట్టించుకోలేదు. మూలుగు గురకయింది, గురక కీచుమనడమయింది. స్టీరింగు బిగుసుకుపోయింది. సరిగ్గా గల్లీ మలుపులో, ఒకవైపు గోడ, ఒకవైపు మోరీ కాలవ ఉన్నచోట జీపు ఆగిపోయింది. ముందుకు పోదు, పక్కకు తిరగదు. పొట్టి పిడి వెనక్కి రాదు. పెద్దబాపు దాన్ని రెండు చేతులతో పట్టి, కాలు తన్ని లాగాడు. ఆయన జీవితంలో ఎన్నో కొమ్ములు వంచాడు గానీ అది వంగలేదు.

వెనక పక్కగల్లీవాళ్ళ దున్న వచ్చి ఆగింది. దాని వెనక ఇంకొకటి. దారి ఇయ్యమని ఈలలు మొదలయ్యాయి. ఎవరో పెద్దమనిషి కుర్చీ తెప్పించి, తాతను మలుపులో కూర్చోబెడితే అన్ని దున్నలనూ హాయిగా చూడొచ్చని సలహా చెప్పాడు. తాడు మరొకరు పట్టుకుంటారన్నాడు. ఏ మాటకైనా మూడు మాటలు చెప్పే పెద్దబాపు, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాడు. ఆయన మీసం అంత చిన్నగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. తాత కుర్చీ వైపు చూశాడు, దున్న వైపు చూశాడు.

"చూసుడు రెండేండ్లు ఇంట్లనే అయింది" అన్నాడు. "నేను చూడనీకి రాలే. తోలుకపోనీకి వచ్చిన."

అప్పుడు జనంలో నుంచి పెద్దమ్మ వచ్చింది, కొంగు నడుముకు బిగించి. వచ్చీరాగానే మొగుణ్ణి ఒక్క మాటా అనలేదు. అది నాకు ఆశ్చర్యం, ఆయనకు భయం. "మంచం మలుపు తిరగకుంటే ఏం జేస్తం? ఎత్తి తిప్పుతం" అంది మగవాళ్ళతో. "మామను దించకుండ్రి. పట్టుండ్రి."

పట్టారు. మా గల్లీవాళ్ళు, పక్కగల్లీవాళ్ళు, సలహా చెప్పిన పెద్దమనిషితో సహా అందరూ జీపు వెనక భాగం కింద చేతులు పెట్టారు. బర్రెల మధ్య పెరిగిన చేతులవి. జీపు లేస్తుంటే తాత పగిడీ పట్టుకుని, "ఎప్పటికైన నలుగురు మోస్తరని తెలుసు గని, జీపుతోని మోస్తరని తెల్వదురా" అన్నాడు. మోసేవాళ్ళకు నవ్వొచ్చి జీపు పడబోయి ఆగింది. వెనక చక్రాలు నేలను వదిలాయి. వదిలిన మరుక్షణం, ఎవరూ ముట్టుకోకుండానే, ఆ రెండు పెద్ద టైర్లూ గాల్లో సర్రున తిరిగాయి. జీపు కడుపులో నుంచి ఠంగుమని గుడి గంటంత చప్పుడు వచ్చింది. పొట్టి పిడి తనంతట తానే వెనక్కి వచ్చి పెద్దబాపు మోకాలికి తగిలింది. డప్పులవాళ్ళు ఇదంతా ముందే అనుకుని చేసిన విన్యాసమనుకుని దెబ్బ పెంచారు. జనం ఈలలు వేశారు. వాళ్ళ తప్పేముంది? ప్రతి సదర్లో దున్నలు ముందుకాళ్ళెత్తి సలాం చేస్తాయి. వెనకకాళ్ళెత్తి సలాం చేసిన జీపును ఆ ముందెవరూ చూడలేదు.

మలుపు తిప్పి దించాక పెద్దబాపు మళ్ళీ పొట్టి పిడి జోలికి పోలేదు. అది లేకుండా జీపు నడక తెలియని పరుగుబోతు కాబట్టి ఇంజను ఆపేశాడు. జనమే తోశారు. ఆయన స్టీరింగు పట్టుకుని, తోలుతున్నంత దర్జాగా హారను కొడుతూ కూర్చున్నాడు. తాత తాడు కొద్దికొద్దిగా వదులుతూ, లాగుతూ, దున్నతో ఏదో మాట్లాడుతూ పోయాడు. చివర ఖాళీ జాగాలో ఆయన తాడును ఒక్కసారి పైకి విసిరాడు. దున్న లేచింది. గవ్వలు గలగలమన్నాయి. ఒక నిమిషం ఆయన మోకాళ్ళ సంగతి ఆయనకే గుర్తులేదు, సీట్లో సగం లేచి నిలబడ్డాడు.

జీపు సలాం చేయించాలన్నది తన ఆలోచనేనని పెద్దబాపు ఆ తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. పెద్దమ్మ కాదనలేదు. తెల్లారి మాత్రం ఆయనే నోరు మూసుకుని ఆ రెండు టైర్లు విప్పించి, నాలుగూ పాత సైజువే వేయించాడు. మరుసటి సదర్‌కు జీపు నడక తప్పకుండా పోయింది, కానీ వెనక సీటు ఖాళీ. తాతను అంతకుముందే మోశారు, ఈసారి నలుగురే, జీపు లేకుండా. స్టీరింగు మరొకరికి పోయి, తాడు పెద్దబాపు చేతికి వచ్చింది. ఆయన మొదటిరోజే దాన్ని నడుమ పట్టుకున్నాడు.

బహదూర్‌పురా దుకాణం అతను చెప్పిన లెక్క ఇది. ఒకే దూరం పోవడానికి పెద్ద చక్రం తక్కువ తిరుగుతుంది, చిన్న చక్రం ఎక్కువ తిరుగుతుంది. రెండింటినీ లోపల ఒకే ఇనుముతో బిగిస్తే, కొంగుముళ్ళు వేసుకుని ఒకరు అంగలేస్తూ ఒకరు అడుగులేస్తూ నడిచినట్టు, ఆ మెలి పేరుకుంటూ పోతుంది. ఎవరైనా కాస్త ఎత్తితే గాని విడిపోదు. చాయ్ అయిపోయింది. నేను నేరుగా ఇంటికి పోకుండా దబీర్‌పురా వైపు తిప్పాను. కొట్టంలో ఆ పెద్ద టైరు ఒకటి ఇంకా ఉంది. నడిమికి కోసి, దూడలకు కుడితి తొట్టి చేసింది పెద్దమ్మ. పక్కన రిమ్ముల్లేవు, జీపు లేదు. నిన్నగాక మొన్న పుట్టిన దూడొకటి దానిలో మూతి పెట్టి, తోక ఆడిస్తోంది. ఆ టైరు ఎటూ కదలకుండా అక్కడే పడి ఉంది. దాని చుట్టూ కాలం మాత్రం, దాని సైజెంతో ఎవరూ చదివి చెప్పకుండానే, తిరుగుతూ ఉంది.