బండి నిలబడిన చోటు

“గ్యాస్ బంద్ చేసి వచ్చినవా, బిడ్డా?”

“చేసిన మామా. తాళం గుడ వేసిన.”

మా మేనమామకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. మంచం మీద పడి, వచ్చిన మనిషిని గుర్తుపట్టడమే కష్టమైన రోజుల్లో కూడా ఆయనకు ఆ పట్టింపు పోలేదు. బతుకంతా నారాయణఖేడ్ బస్టాండు అవతల రేకుల షెడ్డులో మోటారు బండ్లు బాగుచేశాడు. ఎవరు బండి తెచ్చినా ముందు వంగి పెట్రోల్ నల్లా బంద్ చేసి, ఆ తర్వాతే ఏమైందని అడిగేవాడు. చేయి దానంతటదే పోయేది. మరుసటి వారం నేను చూడబోయేసరికి ఆయన మంచాన్ని వాకిట్లో నిలబెట్టి ఉంచారు. అది చూసి, ఆయన పోయాడని ఇంట్లోకి పోకముందే నాకు తెలిసిపోయింది.

నేను చెబుతుంటే ఇది రాస్తున్నది మా తమ్ముని బిడ్డ. నాకు సంతకం వరకే వచ్చు. మెల్లగా చెప్పు అత్తమ్మా అంటోంది. మెల్లగానే చెబుతాను. తొందరపడి పోవలసిన చోటు నాకేమీ లేదు.

నా చిన్నప్పుడు, తమ్ముడు ఇంకా పుట్టకముందు, మా నాయన హైదరాబాదులో బిల్డింగు పనికి పోయాడు. మా సిర్గాపూర్ దిక్కు నుంచి అలా పోయినవాళ్లు మస్తుమంది. అమ్మా నేనూ ఖేడ్‌లో ఒక పటేలు ఇంటి వాకిట్లో, పక్కనున్న ఒంటి అర్రలో కిరాయికి ఉండేవాళ్లం. పటేలు మోటారు సైకిలు మా అర్ర గోడ పక్కనే నిలబడేది. అప్పటికే అది పాతబడిన బండి. అయినా మా వాడకట్టులో అదొక్కటే ఉండేది కాబట్టి దాని మీద అందరి కళ్లూ ఉండేవి.

ఆ బండిలో పెట్రోలు తగ్గిపోవడం మొదలైంది. పటేలు సాయంత్రం ట్యాంకులో చీపురు పుల్ల ముంచి, తడి ఎందాకా వచ్చిందో చూసి పడుకునేవాడు. తెల్లారి మళ్లీ ముంచితే తడి కిందికి దిగి ఉండేది. ముందు గొణిగాడు. తర్వాత వాకిట్లో నిలబడి అరిచాడు. వాసన మా గోడ దగ్గరే వచ్చేది. నేల మాత్రం పొడిగా కనిపించేది, ఎంత పడినా ఆ మన్ను తాగేసేదేమో. ఆ రోజుల్లో పెట్రోలు సీసాల్లో పోసి అమ్ముకునేవాళ్లు ఉండేవారు. ఎవడో రాత్రి వచ్చి తీసుకుపోతున్నాడని తేల్చేశారు. వాకిటి తలుపుకు లోపల గొళ్లెం ఉంటుంది కదా, వాడికి ఆ గొళ్లెం తీసేదెవరన్నదే మిగిలింది.

“మొగడు పట్నంల ఉండె. ఈమెకు రాత్రి నిద్ర వడ్తలేదట,” అన్నది పటేలు భార్య, బావి దగ్గర అందరూ వినేటట్టు. “నిద్ర వట్టనోళ్లు లేచి ఏం జేస్తరో మనకేమెరుక.”

అమ్మ బిందె నింపుకుని, తల వంచుకుని వచ్చేసింది.

పటేలు మరీ అన్యాయపు మనిషేమీ కాదు. అమ్మ మీద మాట బయటికి అనకముందే బండిని మా మామ దుకాణానికి తీసుకుపోయి, ఎక్కడన్నా కారుతున్నదేమో చూడమన్నాడు. మామ దాన్ని పెద్ద స్టాండు మీద నిలబెట్టి, పెట్రోలు వచ్చి నిండే కార్బొరేటర్‌ను పైపైన తుడిచి, నల్లా తెరిచి, చాలాసేపు చూశాడు. ఒక్క చుక్క పడలేదు. బండి సాఫ్ ఉన్నది పటేలా అని చెప్పి పంపాడు. ఇంట్లో నడుస్తున్నదేదీ మామకు తెలియదు. అమ్మ చెప్పలేదు, నన్ను చెప్పనివ్వలేదు. అలా తమ్ముడి నోటి మాటతోనే అక్క మీది నింద గట్టిపడింది.

వచ్చే ఐతారం అమ్మను బోరంచ నల్లపోచమ్మ గుడికి వచ్చి, తడి చీరతో నిలబడి, నా తల మీద చేయి పెట్టి ప్రమాణం చేయమన్నది పటేలు భార్య. చేయకపోతే అర్ర ఖాళీ చేయమన్నది. తప్పు చేయనిదానికి ప్రమాణమంటే భయమెందుకు అని మీరనుకోవచ్చు. ప్రమాణం చేసినాక ఆడది నిజాయితీ మనిషని ఊరు గుర్తు పెట్టుకోదు. ప్రమాణం దాకా వచ్చిన మనిషని గుర్తు పెట్టుకుంటుంది. ఆపైన నా తల మీద చేయి పెట్టాలి. రేపు నాకు జ్వరం వచ్చినా, పడి కాలు విరిగినా, ఇగ అదంతా పోచమ్మ చూపించిన సాక్ష్యమే అవుతుంది.

ఆ పూట అమ్మ నా జడ వేసింది. వేసి, ఎప్పటిలాగే నా తల మీద చేయి ఆనించింది. ఆనించి, నిప్పు తగిలినట్టు తీసేసింది.

అది చూశాక నేను ఇంట్లో ఉండలేకపోయాను. కాళ్లకు చెప్పులు లేకుండానే బస్టాండు అవతలికి ఉరికాను. మామ నన్ను చూసి, “ఏందే, అమ్మ మంచిగున్నదా?” అన్నాడు. మంచిగనే ఉన్నది అన్నాను. ఆ దుకాణం ముందు నిలబడితే మా నోటికి ఆ మాట ఒక్కటే వచ్చేది. కొంచెం సేపు అక్కడే నిలబడి, తర్వాత ఏడుస్తూ అంతా చెప్పేశాను. మామ చేతిలో పానా అట్లాగే ఆగిపోయింది.

“గా బండి చూసింది నేనే గద,” అన్నాడు.

మరునాడు పటేలు పగటి బువ్వకు ఇంటికి వచ్చిన వేళ చూసి మామ వచ్చాడు. వచ్చినవాడు బండిని ముట్టలేదు. దూరంగా కూర్చుని, అది ఎట్లా నిలబడి ఉన్నదో చూశాడు. మా వాకిలి వాన నీళ్లు పోవడానికి ఒక పక్కకు వాటంగా ఉండేది. బండి చిన్న స్టాండు మీద, ఆ వాటానికి ఇంకొంచెం ఒరిగి, మా గోడ దిక్కు వంగి ఉన్నది. నల్లా తెరిచే ఉన్నది. పటేలుకు దాన్ని బంద్ చేసే అలవాటు లేదు.

“పటేలా, ఇంకోపాలి చూద్దాం,” అన్నాడు మామ.

“మొన్న సాఫ్ ఉన్నదంటివి. ఇయ్యాల అక్క మీదికి వచ్చేసరికి మాట తిప్పుతున్నవా?”

“నా మాట నమ్మకు. నేను చెయ్యి గుడ పెట్ట. నీ బండి, నీ చెయ్యి. నేను చెప్తుంట, నీవు చెయ్యి.”

నిజంగానే మామ రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. కార్బొరేటర్ అడుగంతా ఏండ్ల మడ్డి పట్టి ఎప్పుడూ తడిగానే కనబడేది. దానిలో కొత్త తడి ఏదో పాత మడ్డి ఏదో ఎవరికి తెలుస్తుంది. ముందు దాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిపించాడు. తర్వాత పటేలు భార్యను పిలిచి, ఇంట్లో ముగ్గు పిండి ఉంటే తెచ్చి దానికి అద్దమన్నాడు.

“మోటరుకు ముగ్గు వేసుడేందిరా, దానికి లగ్గం జేస్తున్నవా?” అంటూనే ఆమె తెచ్చింది. తన పిండి, తన చేయి. పసిబిడ్డకు పౌడరు వేసినట్టు దాన్ని తెల్లగా చేసింది.

అందరం కూర్చున్నాం. అమ్మ మాత్రం మా అర్ర తలుపు వెనక నిలబడింది. ఎంతకీ ఏమీ కాలేదు. పటేలు నవ్వి, జేబులోంచి బీడీ తీశాడు.

“బీడీ వద్దు పటేలా,” అన్నాడు మామ. “నా మాట తప్పైతే మా అక్క ఇజ్జత్ పోతది. నిజమైతే నీ మీసం కాలిపోతది.”

పటేలు మీసం తడుముకుని బీడీ లోపల పెట్టుకున్నాడు. నేను పోచమ్మకు మొక్కుతూనే ఉన్నాను. ముందు చూసింది పటేలు భార్యే. కార్బొరేటర్ కింది గిన్నె పైభాగానికి కలిసే అతుకు దగ్గర, తెల్ల పిండిలో ఆవగింజంత నలుపు పుట్టింది. అది కందిగింజంత అయింది. అక్కడి నుంచి సన్నని గీతలా కిందికి దిగి, అడుగున చుక్క కట్టి, మా గోడ దిక్కు మన్నులో పడి మాయమైంది.

“అగో, తడి వచ్చె,” అన్నదామె, ఎవరితోనో కాదు, తనతోనే అన్నట్టు.

మామ ఇంకా కదల్లేదు. అంతా తుడిపించి, పెద్ద స్టాండు మీద నిలబెట్టించి, మళ్లీ పిండి అద్దించాడు. పిండి తెల్లగానే ఉండిపోయింది. మళ్లీ ఎప్పటిలా ఒరగబెట్టించాడు. మళ్లీ అక్కడే నలుపు పుట్టింది. అప్పుడు పానా తీసి ఆ గిన్నె విప్పాడు. లోపల పెట్రోలు నిండాక దారి మూసే చిన్న సూది ఒకటుంటుంది. అది ఒక పక్క అరిగింది. బండి నిటారుగా ఉంటే దారి మూసుకుంటున్నది, ఒరిగితే సందు ఇస్తున్నది. మామ ఆ సూదిని పటేలు చేతిలో పెట్టి, అరిగిన చోట గోరుతో తడిమి చూడమన్నాడు.

“తప్పు నాదే పటేలా. బండిని నా దుకాణంల, సాపు గచ్చు మీద నిలవెట్టి చూసిన. అది రోజూ నిలవడేది ఈడ.”

పటేలు చాలాసేపు గోరుతో ఆ సూదిని తడుముతూనే ఉన్నాడు. ఆయన భార్య లోపలికి పోయి చాయ్ పెట్టి తెచ్చింది. మొదటి గ్లాసు మా అమ్మకిచ్చింది. ప్రమాణం మాట ఇగ ఎవరూ ఎత్తలేదు. అమ్మ ఆ గ్లాసు తీసుకున్నది గాని తాగలేదు. చల్లారేదాకా చేతిలోనే పట్టుకున్నది.

అయిపోయింది కదా, మామ పోతాడనుకున్నాను. ఆయన వచ్చి మా గడప మీద కూర్చున్నాడు.

“పోరాదురా, దుకాణం కాడికి ఎవలన్న వస్తరు,” అన్నది అమ్మ.

“వస్తే కూసుంటరు.”

ఏమీ అడగలేదు. బండి ముందు ఎట్లా కూర్చున్నాడో మా ముందూ అట్లాగే కూర్చున్నాడు. మా అర్రలోకి ఆయన అన్ని రోజుల తర్వాత అప్పుడే చూశాడేమో. బోర్లించిన గిన్నెలు, అడుగంటిన జొన్నల డబ్బా, దండెం మీద అమ్మ ఒక్క చీర. చాలాసేపటికి అమ్మ నోరు విప్పింది. నాయన దగ్గర నుంచి ఎన్నాళ్లుగానో మాట లేదనీ, ఉన్నాడో లేడో తెలియదనీ, తను రాత్రిళ్లు నిద్ర పోనిది నిజమేననీ చెప్పింది. చెబుతూ చెబుతూ, గొంతు పైకి రాకుండా ఏడ్చింది. దుకాణం ముందు ఎన్నిసార్లు అడిగినా మంచిగున్నం తమ్మీ అన్న మనిషి ఆమే.

అప్పుడు నాకు బండి సంగతే అర్థమైంది, అమ్మ సంగతి కాలేదు. మామ హైదరాబాదు పోయే లారీ వాళ్లతో కబురు పంపాడు, చివరికి నాయన వచ్చాడు, అదంతా వేరే కథ. అప్పటి నుంచి మామ మమ్మల్ని దుకాణం కాడ ఎట్లున్నరని అడగడం మానేశాడు. వీలు చిక్కినప్పుడల్లా ఇంటికే వచ్చి గడప మీద కూర్చునేవాడు.

ఇప్పుడు మా ఆయన పోయినంక నేనొక్కదాన్నే ఉంటున్నాను. జహీరాబాదుకు ఇచ్చిన నా బిడ్డ రోజూ ఫోన్ చేస్తుంది. తిన్నవా అమ్మా అంటే తిన్న బిడ్డా అంటాను. ఫోన్‌లో నేను సాఫ్‌గానే ఉంటాను. పొయ్యి వెలిగించని పూటలూ, ఎవరూ లేకున్నా రెండు గ్లాసుల చాయ్ పెట్టి ఒకటి పారబోసిన పొద్దులూ దానికి వినబడవు. బిడ్డది తప్పనను. అది అడుగుతూనే ఉన్నది, నేనే ఒరగను.

కాని మామ దగ్గర నేర్చింది మాత్రం పోనివ్వలేదు. వాడలో ఎవరి గొంతు తగ్గినా, నల్లా కాడనో అంగట్లోనో ఎట్లున్నవని అడగను. వాళ్ల ఇంటికి పోయి గడప మీద కూర్చుంటాను. పనిలేని ముసల్ది మళ్ల వచ్చిందని కొందరు అంటారు. అననీ. నోరు మూసుకుని కూర్చుంటే ఎక్కడో ఒక దగ్గర తడి కనబడుతుంది. అది ఎప్పుడూ నేను అనుకున్న చోట ఉండదు.

తమ్ముని బిడ్డ ఆఫీసు పని మీద వచ్చింది, రేపు సంగారెడ్డి పోతుంది. ఇదంతా మంచి కాయితం మీద ఎక్కించి ఫోన్‌లో చదివి వినిపిస్తానంటోంది. ఫోన్‌లో వద్దు బిడ్డా. పెన్ను పక్కన పెట్టి ఇట్ల దగ్గరికి జరుగు. ఈడ కూసోని, మొదటి నుంచి చదువు, వింట.