సెంబవాంగ్ కాటుక పువ్వు

ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువును తూకం వేస్తే పట్టుమని పాతిక గ్రాములుండదు. పదకొండు చిన్న మొక్కలు, వేళ్లతో సహా, ఎండబెట్టినవి. అయినా దించుకోవడానికి చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర దించుతున్నాను.

ముందు నా గొప్ప చెప్పుకోనివ్వండి. తప్పు ఒప్పుకునేవాడు గొప్పతో మొదలుపెట్టకూడదని తెలుసు. కానీ నా విషయంలో ఈ రెండూ ఒకే కాడకు పూశాయి. విడదీసి చెప్పడం నాకు చేతకాదు.

వైటూకే రోజులు. సింగపూర్‌లో విమానం దిగిన ప్రతి తెలుగువాడూ సాఫ్ట్‌వేరే. బుకిట్ బటోక్‌లోని మా ఫ్లాట్‌లో ఐదుగురం ఉండేవాళ్లం. నలుగురు కంప్యూటర్లకు పట్టబోయే తెగులు ఆపడానికి వచ్చారు, నేను యూనివర్సిటీ లాబ్‌లో మొక్కలకు పట్టిన తెగుళ్లు చూడ్డానికి వచ్చాను. కింది అంతస్తు అంకుల్ లిఫ్ట్‌లో కనబడినప్పుడల్లా జావానా, సీ ప్లస్ ప్లసా అని అడిగేవారు. అడవి పూలమొక్కల మీద బతికే శిలీంధ్రాలండీ అంటే, పాపం, ఇంకా ప్రాజెక్టు దొరకలేదనుకునేవారు. సాఫ్ట్‌వేరూ కాదు, హార్డ్‌వేరూ కాదు, మాది మొక్క వేరు అని నేనే అనేవాణ్ణి. నేనే నవ్వేవాణ్ణి.

అలాంటి నేను ఒక గురువారం ఉదయం రైలెక్కి సెంబవాంగ్ వెళ్లాను. షిప్‌యార్డుకు పోయే దారి పక్కన ఖాళీ జాగా. మన పొలం గట్ల మీద నీలం పువ్వుల వెన్నదేవి ఉంటుంది చూడండి, దానికి దూరపు చుట్టం లాంటి మొక్క అక్కడ నేలబారుగా పాకి ఉంది. వంగి ఒక పువ్వులోకి చూశాను. పచ్చటి పుప్పొడి ఉండాల్సిన చోట నల్లటి పొడి. వేలికి కాటుకలా అంటింది. మన రైతులు జొన్నకంకిలో చూసి కాటుక తెగులు అంటారే, ఆ కుటుంబమే. ఈ మొక్క మీద అది ఉన్నట్టు ఎవరూ ఎక్కడా రాయలేదు. పెళ్లిచూపుల్లో కూడా నా గుండె అంత కొట్టుకోలేదు.

తెగులు పట్టిన మొక్కలు లెక్కపెట్టాను. పదకొండు.

మా లాబ్‌లో ఒక నియమం ఉండేది. పది ఉంటే రెండు తియ్యి, రెండే ఉంటే ఫొటో తియ్యి. అది నాకు నేర్పిన మనిషిని ఇక్కడ నస్రీన్ ఆపా అందాం, ఆపా అంటే ఉర్దూలో అక్క. హైదరాబాదీ, నాకంటే పదేళ్లు సీనియర్, ఆకు నలిపి వాసన చూసి మొక్క పేరు చెప్పగలరు. మొక్క ఏదో తేలనిదే దాని మీది తెగులేదో తేలదు. అంటే ఆమె లేనిదే నేను లేను.

నియమం గుర్తుంది. కానీ మరుసటి వారం కాటుక తెగుళ్లలో పేరుమోసిన పండితుడొకాయన విదేశం నుంచి మా ప్రొఫెసర్ దగ్గరికి వస్తున్నాడు. సెంబవాంగ్ వైపు తిప్పి చూపిస్తారని విన్నాను. ఆయన కంట పడితే? ముందు అచ్చువేసిన వాడిదే జాతి. నేను మళ్లీ లిఫ్ట్‌లో ప్రాజెక్టు దొరకని కుర్రాణ్ణి.

పదకొండూ పీకాను. ఈ తెగులు వేళ్లలో దాక్కుని మళ్లీ పూతకు లేస్తుంది, కాబట్టి వేళ్లు కూడా వదల్లేదు. చదువు అలా పనికొచ్చింది.

నాలుగు లాబ్‌కు తీసుకెళ్లాను. ఏడు మా ఫ్లాట్‌లో మంచం కింద, చెప్పుల డబ్బాలో. ఆ నాలుగూ చూసే ఆపా కనుబొమలు ముడిచారు.

"క్యా మియా, వేర్లతోని పీక్కొచ్చినవ్? ఆడ ఏమన్న ఇడ్సిపెట్టినవా, మొత్తం సాఫ్ జేసినవా?"

"వదిలాను ఆపా. సగానికిపైగా అక్కడే ఉన్నాయి."

"పక్కా?"

"పక్కా ఆపా."

"అయితే ఈ సండే పోయి రెండు మొక్కలు కుండీలల్ల పెట్టుకొద్దాం. ఆడ ఫ్లాట్లు కడ్తరంట, చుట్టు రేకులు కొడ్తున్నరు."

"ఈ సండే మా ఇంటి ఓనర్ వస్తోంది. వచ్చే వారం వెళ్దామా?"

"వచ్చే సండే మా చిన్నదాని బర్త్‌డే గదా." గోడ మీది క్యాలెండర్ చూశారు. "సరే, దాని మీది సండే. భూమి యాడికి పోతది తీ!"

ఇంటి ఓనర్ ఆ ఏడాది మొత్తంలో ఒక్కసారి కూడా రాలేదు. పండితుడు మాత్రం వచ్చాడు. జలుబు చేసి రెండు రోజులూ హోటల్లోనే పడుకుని వెళ్లిపోయాడు.

మూడో ఆదివారం మేమిద్దరం వెళ్లేసరికి భూమి నిజంగానే పోయింది. ఎర్రమట్టి చదునుగా ఉంది, మధ్యలో పసుప్పచ్చ యంత్రం. ఆపా చేతిలో రెండు ఖాళీ కుండీలు. అవి కింద పెట్టి అన్నారు: "ఒక్క కేకు కోసం ఒక జాతి పాయె."

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. వచ్చిన మాటేమిటో తెలుసా? "మీరేం చేస్తారు లెండి ఆపా." ఓదార్చాను! పీకినవాణ్ణి నేను, ఓదార్చినవాణ్ణీ నేనే.

మిగతాదంతా గర్వమే. ఆరు నెలలు మైక్రోస్కోప్ మీద వంగి ఉన్నాను. ఒక్కో బీజం మీద చేపలవల లాంటి అల్లిక. ఆ వల కళ్ల లెక్క, దారం మందం ఏ పుస్తకంలోని జాతితోనూ కలవలేదు. కొత్త జాతి వర్ణన లాటిన్‌లో రాయాలని అప్పటి నిబంధన. పదో తరగతి తెలుగు పరీక్షలో సంధుల దగ్గరే బోర్లాపడినవాణ్ణి, లాటిన్‌లో పన్నెండు వాక్యాలు రాశాను. ఇన్నేళ్లలో ఒక్క వాక్యాన్నీ ఎవరూ తప్పుపట్టలేదు. ఆ జాతి నిలిచింది. ఇప్పటికీ ఆ పేజీ తీస్తే నా వెన్ను నిటారుగా అవుతుంది. ఈ తప్పంతా చెప్పుకున్నాక కూడా అవుతుంది.

చివర్లో ఒక వాక్యం చేర్చాను: ఆ స్థలం చదును చేయబడింది, జాతి మళ్లీ కనబడలేదు. ఇందులో అబద్ధం ఎక్కడుంది? ఎక్కడా లేదు. అదే దాని నేర్పు.

జాతికి ఆపా పేరు పెట్టాను. గౌరవమనుకున్నారు అందరూ. నేను పరిహారమనుకున్నాను. మంచం కింది డబ్బా తెరిస్తే సింగపూర్ చెమ్మకు ఏడు మొక్కలూ తెల్లగా బూజుపట్టి ఉన్నాయి. శిలీంధ్రాన్ని శిలీంధ్రం తినేసింది. వంటింటి గోడలో చెత్త కిందికి జారవిడిచే గొట్టంలో వేశాను.

పరాన్నజీవి మీద బతికినవాణ్ణి కదా, ఒకటి తెలుసు. ఆ తెగులు పువ్వుని చెడగొడుతుంది గాని మొక్కను బతకనిస్తుంది. మళ్లీ ఏడాదికి తనకూ చోటుండాలని. నాకా మాత్రం మర్యాద లేకపోయింది.

ఆపా ఇప్పటికీ కొత్త విద్యార్థులకు మొదటి పాఠంగా ఈ కథే చెబుతారు, తన పేరున్న జాతిని తానే ఎలా పోగొట్టుకున్నారో. ఒకసారి వెనక వరసలో కూర్చుని విన్నాను. లోకల్ పిల్ల ఒకతి "నాట్ యువర్ ఫాల్ట్ లా!" అంది. ఆపా తల అడ్డంగా ఊపారు. ఆ పిల్ల చెప్పింది నిజమని ఆ గదిలో నా ఒక్కడికే తెలుసు. నేను చప్పట్లు కొట్టాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించడానికి పోయింది మీది కాదు. ఈ కాగితం ఆమెకు ఇస్తానా? ఇవ్వాలి. ఇస్తానని మాత్రం చెప్పలేను, నా "పక్కా" విలువ మీకిప్పుడు తెలుసు కదా. కానీ ఇది ఒకసారి తిన్నగా రాసి చూసుకోవాలని ఉంది.

ఆపా, ఆ ఆదివారం అక్కడ ఏమీ లేదు. అంతకు ముందు రెండు ఆదివారాలూ లేదు. మీరు కేకు కోస్తున్నప్పుడు మీ పువ్వు మా మంచం కింద ఉంది. మీరు ఆలస్యం చేయలేదు.