ప్రేమలత ఒప్పుకోని కాలు

ఇస్నాపూర్‌లో ప్రేమలతను ఏ పని అడిగినా, సాంతం వినకముందే "ఐతది" అంటుంది. పోలియో రెండు కాళ్లనూ పట్టింది. ఎడమది కొంత నయం, కుడిది పేరుకే కాలు. కానీ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆ మాట ఒప్పుకున్నవాళ్లకు పని దొరకదు. అందుకే నడుమును ఒక్క ఊపు ఊపి, ఆ ఊపులో కాలును లేపడం నేర్చుకుంది. ఆమె కుంటుతుందని ప్యాకింగ్ సెక్షన్‌లో అందరికీ తెలుసు, ఎంత కుంటుతుందో ఎవరికీ తెలియదు.

చేతులు మాత్రం రోకళ్లే. సంగారెడ్డి గ్రౌండులో ఆటలు నేర్పే డెబోరా ఆ చేతులు చూసి, కుర్చీలో కూర్చుని ఇనుప గుండు విసిరే ఆటలో పెట్టింది. అలా అలా బెంగళూరులో దివ్యాంగుల అంతర్జాతీయ పోటీ దాకా వచ్చారు.

అక్కడ ఆటకు ముందు ఇంకో పరీక్ష ఉంది. ప్రపంచ సంఘం పంపిన డాక్టరమ్మ ఏ కండలో ఎంత బలముందో చూసి, ఎవరు ఏ తరగతిలో ఆడాలో తేలుస్తుంది. ఉన్న బలం దాచితే నిషేధం. లేని బలం ఉందని కాగితంలో పడిందా, గట్టి కాళ్లవాళ్లతో పోటీ. ఇన్నాళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

డాక్టరమ్మ కాలు లేపమంది. డెబోరా తెలుగులో చెప్పింది. ప్రేమలత నడుం ఊపింది, కాలు లేచింది.

"ఐతది మేడం."

నడుం ఊపొద్దని డెబోరా రాత్రంతా చెప్పి తెచ్చింది మరి! అలవాటు ముందు బుద్ధి ఎక్కడ నిలుస్తుంది?

డాక్టరమ్మ మాత్రం ఏమీ రాయలేదు. నడుమును బెల్టుతో బల్లకు కట్టించి, మళ్లీ లేపమంది. ప్రేమలత పళ్లు బిగబట్టింది, చెమటలు కక్కింది. కాలు ఉలకలేదు. ఆ మాట అనడంకన్నా చావు నయమనిపించింది ఆమెకు.

"ఐతలేదు మేడం," అంది చివరికి. "చిన్నప్పటి సంది గింతే. ఎవ్వరికీ చెప్పలే."

డాక్టరమ్మ నవ్వి ఏదో అంటే డెబోరా వివరించింది. "బలం దాచేటోళ్లను మస్తు మందిని చూసిందట. బలం లేనిది దాచేటోళ్లను నిన్నొక్కదాన్నే చూసిందట."

ఆమెలాంటి కాళ్లవాళ్ల తరగతే ఇచ్చారు. మర్నాడు ప్రేమలత వెండి పతకం కొట్టింది. డెబోరా వెక్కివెక్కి ఏడిస్తే ఈమే ఓదార్చాల్సి వచ్చింది.

సోమవారం డ్యూటీకొచ్చింది. సూపర్‌వైజర్ నరసరాజు పతకం చూసి తెగ సంబరపడ్డాడు. ఆ వెంటనే, అలవాటు కొద్దీ, స్టూలెక్కి పై అరలోని పెట్టెలు దించమన్నాడు.

ప్రేమలత సెక్షనంతా వినేటట్టే చెప్పింది. "ఎక్కుడు నాతోని కాదు సార్. కిందికి దించిపియ్యిండ్రి, ఎన్నున్నా నేనే ఎత్తుత."

నరసరాజు తనే స్టూలెక్కాడు.