రెండు వందల పద్నాలుగు మంది పాఠకులు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదని నా గట్టి నమ్మకం. గ్రంథాలయ శాస్త్రంలో పట్టా చేతికొచ్చి ఆరు నెలలు కాలేదు, తిరువూరు నుంచి బస్సులో అరగంట దూరంలో ఉన్న ప్రభుత్వ మామిడి పరిశోధన కేంద్రంలో లైబ్రరీ అసిస్టెంటుగా ఉద్యోగం దొరికింది. (తాత్కాలికమే. మా అమ్మ మాత్రం ఆ మాట ఎక్కడా పలికేది కాదు.) తొంభైల చివర అక్కడికి కొత్తగా ఒక కంప్యూటరొచ్చింది. దాన్ని ముట్టుకునే అర్హత నాకొక్కదానికే ఉందని నాకు నేనే తీర్మానించుకున్నాను.

అంతలో పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మా శాస్త్రవేత్తలు ఎన్ని పరిశోధన వ్యాసాలు రాశారు, వాటిని ఇతరులు తమ వ్యాసాల్లో ఎన్నిసార్లు పేర్కొన్నారు, పట్టిక వేసి పంపమన్నారు. అలా పేర్కొనడాన్ని సైటేషన్ అంటారు. ఆ పని నా నెత్తిన పడింది. మా కేంద్రంలో మామిడి సార్ అని ఒకాయన ఉండేవారు. అసలు పేరుతో పిలిస్తే ఆయనే ఒక్క క్షణం ఆలోచించి పలికేవారు. తెగులు సోకిన కొమ్మలు పట్టుకుని రైతులు నేరుగా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుంది. సర్వీసు మొత్తంలో రాసింది ఒకే ఒక్క వ్యాసం, పూతను పాడుచేసే తేనెమంచు పురుగు మీద.

"నా పేరు పక్కన సున్నా వేసెయ్యమ్మా, నీకు తిరగడం తప్పుద్ది" అన్నారు నవ్వుతూ.

నాకు మనసొప్పలేదు. వారం రోజులు బెజవాడ వెళ్ళి, ఒక కాలేజీ లైబ్రరీలో బైండు చేసిన పత్రికలన్నీ తిరగేశాను. (ఆ తుమ్ములు ఇప్పటికీ గుర్తే.) చివరికి ఒక్కటి దొరికింది. చెట్టు లోపలి కొమ్మలు కత్తిరిస్తే పురుగు తగ్గుతుందన్న మామిడి సార్ మాట తమ ప్రాంతంలో నిలబడలేదని ఎవరో రాశారు. తప్పుపట్టినా లెక్కలోకి వస్తుంది కనుక ఒకటి అని రాసుకున్నాను. పట్టిక టైపు చేసి, అందరి చేతా సంతకాలు పెట్టించి పంపేశాను.

నెల తిరిగేసరికి జవాబొచ్చింది. మామిడి సార్ వ్యాసాన్ని రెండు వందల పద్నాలుగు సార్లు ఇతరులు పేర్కొనడం గర్వకారణమట, ఆయన్ని హైదరాబాదు పిలిపించి సన్మానిస్తారట. హెడ్ క్లర్కు గారు అప్పటికప్పుడు దండ తెప్పించి ఆయన మెడలో వేశారు. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను లోపలికెళ్ళి మేము పంపిన పట్టిక కాపీ తీసి చూశాను. రెండు వందల పద్నాలుగు ఆ వ్యాసం మొదలయ్యే పేజీ నంబరు. అది సైటేషన్ల గడిలో కూర్చుంది, ఒకటేమో పేజీ నంబరు గడిలో.

మామిడి సార్ అప్పటికే తోటలోకి వెళ్ళిపోయారు, మెడలో దండతోనే. జరిగింది చెప్పేసరికి నాకు ఏడుపొచ్చేసింది. ఆయన దండ తీసి కొమ్మకు తగిలించారు.

"నాకూ అనుమానంగానే ఉందిలే. మా ఆవిడ చేతే చదివించలేకపోయాను, అంతమంది ఎట్టా చదివారా అని. ఇంతకీ నిజంగా ఎంతమందమ్మా?"

"ఒక్కరే సార్. ఆయన కూడా... మీరు చెప్పింది తప్పని రాశారండి."

బెజవాడలో తీయించిన ఆ వ్యాసం జిరాక్సు నా బ్యాగులోనే ఉంది. అడిగి తీసుకుని, నీడన కూర్చుని రెండుసార్లు చదివారు. నేను ఆయన ముఖం వంక చూడలేకపోయాను.

"మూడేళ్ళు చేశాడమ్మా ఈయన" అన్నారు చివరికి. "కొమ్మలు కత్తిరించి, పురుగులు లెక్కపెట్టి... నా మాట పట్టుకుని మూడేళ్ళు. వాళ్ళకి వానలెక్కువ. వానలెక్కువున్న చోట ఇది పనిచెయ్యకపోవచ్చని నేను రాసుండాల్సింది."

ఆ సాయంత్రమే పై ఆఫీసుకు ఉత్తరం రాశారు, చూసుకోకుండా సంతకం పెట్టిన తప్పు తనదేనని. అందులో నా పేరు లేదు. సన్మానం రద్దయింది, నా ఉద్యోగం నిలిచింది. తప్పుపట్టిన ఆ శాస్త్రవేత్తకూ నాలుగు పేజీలు రాశారు. మరుసటి ఏడాది పూత సమయానికి ఆ శాస్త్రవేత్తే స్వయంగా మా కేంద్రానికి వచ్చి దిగారు. ఇద్దరూ రెడ్డిగూడెం తోటల్లో నాలుగు రోజులు తిరిగారు, నాలుగు రోజులూ వాదించుకున్నారు. ఆయన్ని బస్సెక్కించి వచ్చిన రోజు మామిడి సార్ అంత హుషారుగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు నేనొక పెద్ద సంస్థ లైబ్రరీలో ఇదే పని చేస్తున్నాను. మీట నొక్కితే అంకె వస్తుంది. తమ పేరు పక్కన ఒకటి చూసి చిన్నబోయే కుర్ర శాస్త్రవేత్తలకు, ఆ ఒక్కరూ ఎవరో, ఏం రాశారో వెతికి చేతికిస్తాను. వాళ్ళు వెళ్ళాక పట్టికను గడిగడికీ వేలు పెట్టి మళ్ళీ చూసుకుంటాను. పక్క సీటు అమ్మాయి దీన్ని చాదస్తమంటుంది. కాదనను. ఆ వయసులో నేనైనా అదే అనేదాన్ని, ఇంకాస్త గట్టిగా.